ఇన్‌క్లూజన్ బాడీల్లో చిక్కిన ప్రొటీన్‌ను మళ్లీ మడతపెట్టే పద్ధతి

ఈ.కోలై బ్యాక్టీరియా మీ ప్రొటీన్‌ను దండిగా తయారుచేసినా, కణాలు పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక అదంతా ట్యూబు అడుగున తెల్లటి ముద్దగా చేరిందంటే అవి ఇన్‌క్లూజన్ బాడీలు. అమినో ఆమ్లాల వరుసలో లోపం లేదు, మడతే కుదరలేదు. పూర్తిగా విప్పి మళ్లీ మడవాలి.

ముద్దను 50 మిల్లీమోలార్ ట్రిస్, 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 (డిటర్జెంట్), 1 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టి ఉంచేది) ఉన్న బఫర్‌తో రెండుసార్లు, ట్రైటాన్ లేకుండా ఒకసారి కడగండి. ఇక్కడ బద్ధకిస్తే ప్రోటియేజ్‌లు, అంటే ప్రొటీన్లను కోసే ఎంజైములు, వెంట వచ్చి, విప్పిన గొలుసును ముక్కలు చేస్తాయి.

విప్పడానికి 8 మోలార్ యూరియా, 10 మిల్లీమోలార్ డీటీటీ (సిస్టీన్ అమినో ఆమ్లాల మధ్య ఉండే గంధకపు బంధాలను, అంటే డైసల్ఫైడ్లను, తెంచేది), పీహెచ్ 8. 100 మిల్లీలీటర్లకు 48 గ్రాముల యూరియా పడుతుంది. కరిగేకొద్దీ బీకరు చల్లబడి, మిగిలింది కరగనని మొండికేస్తుంది. హాట్‌ప్లేట్ మీద పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు. వేడికి యూరియాలో సయనేట్ పెరిగి ప్రొటీన్‌లోని లైసిన్ అమినో ఆమ్లాలకు అతుక్కుంటుంది. ఓపిగ్గా తిప్పండి, ఏ రోజుకారోజు కలుపుకోండి. ముద్దను ఇందులో రెండు గంటలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి పైద్రవం తీసుకోండి. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ప్రొటీన్ ఉండేలా సరిచేయండి.

ఇక అసలు కిటుకంతా పలచన చేయడంలోనే ఉంది. గొలుసు తనంతట తాను మడతపడే వేగం గాఢతను బట్టి మారదు. గొలుసులు ఒకదానికొకటి అతుక్కునే వేగం మాత్రం గాఢతతో పాటు పెరిగిపోతుంది. అందుకే 1 మిల్లీలీటరును 100 మిల్లీలీటర్ల బఫర్‌లోకి వదలాలి: 50 మిల్లీమోలార్ ట్రిస్, 0.5 మోలార్ ఆర్జినిన్, 5 మిల్లీమోలార్ రెడ్యూస్డ్ గ్లూటాథయోన్, 0.5 మిల్లీమోలార్ ఆక్సిడైజ్డ్ గ్లూటాథయోన్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ. ఆర్జినిన్ బేస్ పీహెచ్‌ను పెంచుతుంది, గ్లూటాథయోన్ దించుతుంది, చలికి ట్రిస్ మళ్లీ పెరుగుతుంది. కాబట్టి అన్నీ వేశాక, 4 డిగ్రీల దగ్గరే 8.5కు సరిచేయండి.

ఒక్కసారిగా పోయకండి. గంటకోసారి 0.1 మిల్లీలీటరు చొప్పున వదిలితే, ముందు వేసినది అప్పటికే మడతపడి కొత్తదానికి అతుక్కోదు. నురగ రాకుండా తిప్పండి. రాత్రంతా వదిలేయండి, ప్రోలిన్ బంధాలు తిరగడం నిదానమైన పని.

చుక్క పడగానే తెల్లటి పోగులు కనిపిస్తే కలపడం చాలలేదు, లేదా గాఢత ఎక్కువైంది. సగానికి తగ్గించండి. ద్రవం తేటగా ఉన్నా ప్రొటీన్ పని చేయకపోతే డైసల్ఫైడ్ జతలను అనుమానించాలి. రైబోన్యూక్లియేజ్-ఏ అనే ఎంజైములో ఉన్న 8 సిస్టీన్లు 105 రకాలుగా జతకట్టగలవు, సరైనది ఒక్కటే. యూరియాలో ఉండగానే జతకట్టిన ఆ ఎంజైముకు సుమారు 1 శాతం శక్తే మిగిలిందనీ, కాస్త మెర్కాప్టోఇథనాల్ తగిలితే జతలు సర్దుకున్నాయనీ అన్‌ఫిన్‌సెన్ బృందం చూపింది. పై బఫర్‌లో గ్లూటాథయోన్ జంట చేసేదీ ఆ పనే.

కరిగినంత మాత్రాన మడత కుదిరినట్టు కాదు. 295 నానోమీటర్ల వద్ద ఉత్తేజపరిస్తే ట్రిప్టోఫాన్ అమినో ఆమ్లం వెదజల్లే కాంతి సాధారణంగా 350 నుంచి 330 నానోమీటర్ల వైపు జరగాలి. అణువులను పరిమాణం బట్టి వేరుచేసే జెల్ ఫిల్ట్రేషన్‌లో అంతా వాయిడ్ వాల్యూమ్‌లోనే (పెద్ద ముద్దలు అన్నిటికంటే ముందు బయటికొచ్చే భాగం) వచ్చేస్తే అది కరిగి ఉన్న ముద్దే.

నాలుగు ఉపభాగాలు కలిసే ప్రొటీనైతే ఇంకో మెలిక: పలచటి ద్రావణంలో అవి ఒకదాన్నొకటి కలుసుకోవడానికే చాలా సమయం పడుతుంది. ముందు విడివిడిగా మడతపడనిచ్చి, ఆ తర్వాతే గాఢత పెంచండి. గాఢత పెంచే ఫిల్టర్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేటప్పుడు మధ్యమధ్యలో ఆపి పిపెట్‌తో కలపండి, లేకపోతే పొర దగ్గర ప్రొటీన్ పేరుకుని మళ్లీ ముద్దకడుతుంది.