దుకాణంలో పాటలు వినిపించడానికి లైసెన్సు ఎలా తీసుకోవాలి?

బట్టల దుకాణంలోనో హోటల్లోనో వచ్చినవారికి వినబడేలా పాటలు వేస్తే, అది 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బహిరంగంగా వినిపించడమే అవుతుంది. స్పాటిఫై వంటి యాప్‌కు కట్టే చందా సొంతంగా వినడానికి మాత్రమే. వ్యాపార స్థలానికి అది చాలదు.

ముందుగా గ్రహించవలసినది, ప్రతి పాటలోనూ వేర్వేరు హక్కులున్నాయన్నది. సాహిత్యం, బాణీ ఒకవైపు, రికార్డింగు మరొకవైపు. మొదటివాటికి 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) లైసెన్సు ఇస్తుంది. రికార్డింగులకు పీపీఎల్ (ఫోనోగ్రాఫిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్) వంటి సంస్థలు గాని, ఆ మ్యూజిక్ కంపెనీలు గాని ఇస్తాయి. ఒకరికి కట్టినంత మాత్రాన రెండోవారి బాకీ తీరదు. సినిమా పాటల రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా దక్కేలా 2012 సవరణ భద్రత కల్పించింది కనుక, ఈ రుసుము పాట పుట్టించినవారి చేతికీ చేరుతుందని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను.

తర్వాత, మీరు వేసే పాటలు ఏయే కంపెనీలవో రాసుకోండి. అన్ని కంపెనీల హక్కులూ ఒకే సంస్థ చేతిలో ఉండవు. పాత పాటలకు రుసుము ఉండదనుకోవడం పొరపాటు: 1960లో విడుదలైన రికార్డింగు గడువు 2020 చివరితో ముగిసినా, 1974లో కన్నుమూసిన ఘంటసాల కట్టిన బాణీలకు 2034 చివరివరకు రక్షణ ఉంటుంది.

ఆపై ఆయా సంస్థలు ప్రకటించిన రేట్ల పట్టికలో మీ వ్యాపారానికి వర్తించే వరుస చూసుకుని, దుకాణం విస్తీర్ణం, సీట్ల వంటి వివరాలను ఉన్నవి ఉన్నట్టు రాసి దరఖాస్తు చేయండి.

ఎవరైనా వచ్చి రుసుము అడిగితే వెంటనే డబ్బు చేతికివ్వకండి. ఏ పాటల మీద, ఎవరి తరఫున అడుగుతున్నారో రాతపూర్వకంగా కోరండి. కాపీరైట్ సొసైటీగా, అంటే హక్కుదారుల తరఫున లైసెన్సులిచ్చే సంస్థగా, చట్టప్రకారం నమోదు కాని సంస్థ లైసెన్సులు ఇవ్వవచ్చా అన్న వివాదం కోర్టులదాకా వెళ్లింది. అలాగని నోటీసును పక్కన పడేయకూడదు, ఎందుకంటే తెలిసి ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

పెళ్లి ఊరేగింపుకు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు చట్టం మినహాయింపు ఇచ్చింది. ఫంక్షన్ హాలు యజమాని తన రిసెప్షన్ కౌంటర్ దగ్గర రోజూ వేసే పాటలకు అది వర్తించదు. లైసెన్సు చేతికి వచ్చాక దాని ప్రతిని దుకాణంలోనే ఉంచి, గడువు తేదీకి ముందే పునరుద్ధరించుకోండి.