గచ్చు మీద నల్ల టేపు వెంట నడిచే బండి

ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇంట్లో ముందు గది గచ్చు ఎర్రది. వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు వంకరటింకరగా అంటించేసి, "పిన్నీ, దీని వెంట నడిచే రోబో చేద్దాం" అని కూర్చున్నాడు. వాడికి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. రోబోకి రెండూ రావు, అంకెలే వచ్చు.

కావలసినవి: ఆర్డునో ఊనో బోర్డు (ప్రోగ్రాం రాసి ఎక్కించే చిన్న కంప్యూటరు లాంటిది), ఎల్298ఎన్ మోటారు డ్రైవరు (బోర్డు చెప్పినట్టు మోటార్లకి కరెంటు పంపేది), రెండు గేరు మోటార్లు, చక్రాలు, ముందు ఎటైనా తిరిగే ఒక క్యాస్టర్ చక్రం, నేలను చూసే రెండు టీసీఆర్‌టీ5000 సెన్సర్లు, వరసలో కలిపిన రెండు 18650 సెల్స్ (మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే లిథియం బ్యాటరీలు). చదరపు 9 వోల్టుల బ్యాటరీ కొనకండి. మోటార్లు లాగే కరెంటు అది ఇవ్వలేదు, మాది కాసేపటికే నీరసించింది. బ్యాటరీ, డ్రైవరు, బోర్డు మూడింటి గ్రౌండ్ (నెగటివ్) వైర్లు కలపాలి. అది మరచి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

రోబో పని మూడు ముక్కలు: చూడడం, తేల్చుకోవడం, కదలడం. సెన్సరు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు నేల మీద వేసి, ఎంత తిరిగొచ్చిందో చూస్తుంది. నల్ల టేపు దాన్ని మింగేస్తుంది. బోర్డు ఆ తేడాను 0 నుంచి 1023 లోపు అంకెగా చదువుతుంది. మా సెన్సర్లలో వెలుతురు తగ్గితే అంకె పెరుగుతుంది, అందుకే నలుపు మీద అంకె పెద్దది. సెన్సర్లు టేపుకి చెరోపక్క, నేలకి అర సెంటీమీటరు లోపు ఎత్తులో బిగించండి. రెండూ గచ్చునే చూస్తే బండి తిన్నగా పోవాలి. ఎడమది టేపు చూస్తే ఎడమ మోటారు ఆపాలి, కుడిది చూస్తే కుడి మోటారు.

మరి ఎంత దాటితే టేపు అనుకోవాలి? నేను ప్రోగ్రాంలో 500 అని రాసేశాను. రాత్రి చక్కగా నడిచింది. పొద్దున్న వీధి తలుపు తీయగానే టేపు దాటిపోయి గోడకి కొట్టుకుంది.

"ఏటి పిన్నీ, దీనికి పిచ్చెక్కిందా?"

ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. అది కూడా సెన్సరులో పడి అంకెలు దించేసింది. టేపు మీద రాత్రి 800 చూపిన సెన్సరు పొద్దున్న 430 చూపింది. గచ్చు మీద 260 కాస్తా 120కి దిగింది.

అందుకని నోటుబుక్కులో రెండు గడులు గీశాం, టేపు, గచ్చు అని. రాత్రి ఇరవై, పొద్దున్న ఇరవై కొలతలు ఒక్కోదానికి. రెండు సగటులూ 615, 190 దగ్గర వచ్చాయి. నడిమి అంకె ఇంచుమించు 402. దాన్నే ప్రోగ్రాంలో పెడితే రెండు పూటలా నడిచింది. ఆ అంకె నేను చెప్పింది కాదు, ఉదాహరణల నుంచి వచ్చింది. మెషిన్ లెర్నింగ్‌కి ఇదే మొలక. రాత్రి కొలతలు మాత్రమే ఇచ్చి ఉంటే అది పొద్దున్నే మళ్ళీ గోడకి పోయేది.

ఇప్పుడు ముగ్గు మీద నడిపించాలట. తెల్లటి పిండి, ఎర్ర గచ్చు, అంకెల్లో తేడా తక్కువే. వాడు మూడో గడి గీసి పైన 'ముగ్గు' అని రాశాడు, ఒడియా అక్షరాల్లో.