అమెరికా ఎఫ్-1 వీసా: సంతకం చేసే ముందు చదవవలసినవి

అమెరికాలో ఎం.ఎస్. చదవదలచిన మన విద్యార్థులు అనేకులు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా దరఖాస్తును కన్సల్టెన్సీ చేతిలో పెట్టి, ఇంటర్వ్యూ స్లాట్ దొరికేదాకా అందులో ఏమి రాశారో చూడరు. దయచేసి ఆ పని చేయకండి. ఫారం ఎవరు నింపినా సంతకం మీదే, అందులోని తప్పుకు జవాబు చెప్పవలసిందీ మీరే.

అన్నిటికీ మూలం ఐ-20 అనే పత్రం. సీటు ఇచ్చిన విశ్వవిద్యాలయం, కనీసం మొదటి సంవత్సరం ఖర్చుకు సరిపడే సొమ్ముకు ఆధారం చూసిన తరువాతే దీనిని జారీ చేస్తుంది. అందగానే పేరు, పుట్టిన తేదీ, కోర్సు, తరగతులు మొదలయ్యే తేదీ సరిచూసుకోండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు తారుమారు కావడం మామూలే కాబట్టి, పాస్‌పోర్టులో ఎలా ఉందో ఐ-20లోనూ అలాగే ఉండాలి. ఆపైన విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ అనే వ్యవస్థకు 350 డాలర్ల ఫీజు, 185 డాలర్ల వీసా దరఖాస్తు ఫీజు వేర్వేరుగా కట్టాలి. ఒకటి కట్టి రెండోది కట్టినట్టే అనుకోకూడదు.

డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారంలో గత 5 సంవత్సరాలలో వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధన కూడా వచ్చింది. ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్నకు, చేసి ఉంటే చేశారనే రాయాలి.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో కిటికీ ముందు నిలబడే ఆ కొద్ది నిమిషాలు ఎందుకంత కఠినంగా ఉంటాయో తెలియాలంటే, అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ తెలియాలి. దరఖాస్తుదారు అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నారని అధికారి ముందుగానే భావించాలని, కాదని నిరూపించుకునే బాధ్యత దరఖాస్తుదారుదేనని ఆ సెక్షన్ చెబుతుంది. ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఖర్చు ఎవరు భరిస్తారు, చదువయ్యాక ఏమి చేస్తారు అన్న ప్రశ్నలన్నీ అక్కడి నుంచి పుట్టినవే. వీటికి కంఠస్థం చేసిన జవాబు పనికిరాదు. నాన్నగారు పొలం తాకట్టు పెట్టి విద్యారుణం తీసుకుంటే ఆ మాటే సూటిగా చెప్పండి, అందులో చిన్నతనమేమీ లేదు. 214(బి) కింద తిరస్కరించినా, మళ్లీ ఫీజు కట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. నకిలీ మార్కుల పత్రమో, నకిలీ బ్యాంకు పత్రమో చూపినట్టు తేలితే మాత్రం శాశ్వతంగా అనర్హులయ్యే ప్రమాదం ఉంది.

వీసా స్టాంపింగ్ అయిపోతే గండం గడిచిందనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆ స్టాంపు మిమ్మల్ని అమెరికా విమానాశ్రయం దాకా తీసుకువెళుతుంది. లోపలికి రానివ్వడం అక్కడి అధికారి నిర్ణయం, వచ్చాక నిలబడేది మీరు కాపాడుకునే స్టేటస్ మీద, అంటే విద్యార్థిగా అక్కడ చట్టబద్ధంగా ఉండే అర్హత మీద. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజులకు మించి ముందు ప్రవేశించకూడదు. ప్రతి సెమిస్టర్‌లో పూర్తికాల విద్యార్థిగా ఉండాలి. మాస్టర్స్ వారికి సాధారణంగా 9 క్రెడిట్లు. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. అనుమతి లేకుండా బయట పెట్రోలు బంకులోనో హోటల్‌లోనో చేసే పని, జీతం నగదుగా ఇచ్చినా, స్టేటస్ ఉల్లంఘనే.

చేతిలో ఐ-20 ఉంటే చాలునన్న భ్రమకు మన పిల్లలు రెండుసార్లు పెద్ద మూల్యం చెల్లించారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు నష్టపోయినవారిలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు ఎందరో ఉన్నారు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు కట్టారు. 2019లో బయటపడిన మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అక్కడి హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే పన్నిన వల. అందులో తరగతులే లేవు. తరగతికి రానక్కరలేదు, ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరైనా ఆశపెడితే ఆ సంస్థ వైపు చూడకండి.

ఇల్లు మారితే 10 రోజుల్లోగా విశ్వవిద్యాలయానికి తెలియజేయాలి. ఒక సబ్జెక్టు వదులుకోవాలన్నా, సెలవుల్లో ఇంటికి రావాలన్నా, ఇంటర్న్‌షిప్‌లో చేరాలన్నా ముందుగా అక్కడి విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓను ఈమెయిల్‌లో అడగండి. వచ్చిన జవాబును, అప్పటివరకు జారీ అయిన ఐ-20లన్నిటినీ భద్రపరచుకోండి.