దమ్ములో ట్రాక్టర్ దిగబడుతోందా? చక్రం మార్చే ముందు కర్ర గుచ్చి చూడండి

మా నెల్లూరు జిల్లా కోవూరు వైపు ఎడగారుకు, అంటే రెండో వరి పంటకు, కాలువ నీళ్లు వదిలారంటే ట్రాక్టర్లకూ డ్రైవర్లకూ నిద్ర ఉండదు. అందరి కయ్యలూ (మళ్లూ) ఒకేసారి తడుస్తాయి, అందరికీ దమ్ము, అంటే నాట్లకు ముందు నీళ్లలో మట్టిని అడుసు చేసే దుక్కి, రేపటికల్లా అయిపోవాలి. ఆ రోజుల్లో నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట: "అన్నా, బండి దిగబడింది, ఇంకో బండి తీసుకుని రా." పోయి చూస్తే వెనక చక్రం ఇరుసు దాకా అడుసులో ఉంటుంది. డ్రైవర్ మాత్రం ఇంకా రేస్ ఇస్తూనే ఉంటాడు. గెనిమ (పొలం గట్టు) మీద నిలబడ్డ పెద్దాయన తీర్పు చెప్పేసి ఉంటాడు: "ఆ ఇనప చక్రాలు చాలవు అబ్బయా, ఇంకా వెడల్పువి వేయాల."

ఇనప చక్రాలంటే బురదలో పట్టు కోసం వెనక టైరు పక్కనో, టైరు బదులో బిగించే ఇనప పట్టీల చక్రాలు. నేనూ ఒకప్పుడు ఆ మాట నమ్మి వెడల్పు చక్రాలు చేయించాను. మర్నాడు అదే కయ్యలో, అదే మూలలో దిగబడ్డాను. తేడా ఏమిటంటే ఈసారి బయటికి లాగడానికి రెండు బండ్లు పట్టాయి.

తప్పు చక్రంలో లేదు, నేను నేలను చూడకపోవడంలో ఉంది. ఏళ్ల తరబడి దమ్ము చేసిన వరి పొలంలో పైన మెత్తటి అడుసు ఉంటుంది, దాని కింద జానెడు లోతులో, అంటే సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర, గట్టి పొర ఒకటి ఏర్పడుతుంది. మన ట్రాక్టర్ నడిచేది ఆ పొర మీద. పైనున్న అడుసు బండిని మోయదు, చక్రానికి అడ్డం పడుతుంది అంతే. అందుకే కయ్యలోకి దిగే ముందు బొటనవేలు లావు కర్ర ఒకటి తీసుకుని పది చోట్ల గుచ్చండి. అన్ని చోట్లా జానెడుకే ఆగితే భయం లేదు. ఒక మూల మోకాలి లోతు దిగితే ఆ మూల ఏ చక్రంతోనూ నడవదని ముందే తెలుస్తుంది.

చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు

ముందు టైరు పళ్ల మధ్య చూడండి. అక్కడ మట్టి నిండిపోయి టైరు గుండ్రంగా, నున్నగా కనిపిస్తోందా? అయితే పళ్లు ఉండీ లేనట్టే. అల్లూరు, విడవలూరు వైపు బంకమట్టిలో ఇది మామూలే. కారణం చాలాసార్లు చక్రం కాదు, నీళ్లు. పొలం సగం తడిసి ముద్దగా ఉన్నప్పుడు దిగితే ఆ మట్టి జిగురులా పట్టుకుంటుంది. నీళ్లు పెట్టి ఒకటి రెండు రోజులు నాననిచ్చి, పైన ఒక ఐదు సెంటీమీటర్ల నీళ్లు నిలబడ్డాక దిగితే పళ్ల మధ్య మట్టి ప్రతి చుట్టుకీ కడుక్కుపోతుంది. కాలువ వంతు దాటిపోతుందనే టెన్షన్‌లో ఈ ఒక్క రోజు ఆగలేకపోతాం. ఆ ఒక్క రోజుకి రెండు రోజుల డీజిల్ కాలుతుంది.

నీళ్లు సరిగానే ఉండి కూడా మట్టి వదలడం లేదంటే టైరు తిరగేసి బిగించారేమో చూడండి. నవ్వకండి, పంచర్ వేయించుకొచ్చిన బండ్లలో ఇది నేను చూశాను. రెండు వైపుల నుంచి వచ్చే పళ్లు టైరు మధ్యలో బాణం మొనలా కలుస్తాయి. బండి ముందుకు పోయేటప్పుడు ఆ మొన ముందు నేలను తాకాలి, అప్పుడే మట్టి మధ్య నుంచి పక్కలకు జారిపోతుంది. వెనక నిలబడి చూస్తే మొన పైకి చూస్తుండాలి. తిరగబడితే మట్టి మధ్యలోకి కూరుకుంటుంది. టైరు పక్కన బాణం గుర్తు కూడా ఉంటుంది, బురద తుడిచి చూస్తే చాలు.

మూడోది అరుగుదల. ట్రాలీ కట్టి ఇసుక, కంకర తోలిన టైరుకి మధ్య పళ్లు ముందు అరుగుతాయి. పళ్ల ఎత్తు సగానికి తగ్గిందంటే దానికి దమ్ములో పని తక్కువ. కొత్త టైర్లు కొనేవాళ్లకు ఒక మాట. షాపులో మామూలుగా ఇచ్చేది ఆర్-1 రకం, దుక్కికీ రోడ్డుకీ రెంటికీ పనికొస్తుంది. ఆర్-2 అని వరి, చెరకు పొలాల కోసం చేసే రకానికి పళ్లు దాదాపు రెట్టింపు ఎత్తు ఉంటాయి. బురదలో అది బాగా పట్టుకుంటుంది. కానీ రోడ్డు మీద తొందరగా అరుగుతుంది, బండి కుదుపుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ట్రాలీ లాగే బండికి ఆర్-2 వేయడం నా లెక్కన దండగ. ఆర్-1 ఉంచుకుని, దమ్ము రోజుల్లో టైరు పక్కన సగం చక్రాలు (ఇనపవి) బిగించుకోవడం మేలు.

నిజంగా ఎంత జారుతోందో కళ్లతో తేల్చలేం, కొలవాలి. వెనక రిమ్ముకి ఎర్ర గుడ్డ పీలిక కట్టండి. పనిముట్టు ఎత్తి, గట్టి నేల మీద పది చుట్లు తిప్పి ఎంత దూరం వచ్చిందో కొలవండి. 13.6-28 సైజు టైరుకి అది సుమారు 40 మీటర్లు ఉంటుంది. తర్వాత పని చేస్తూ పది చుట్లు. 34 మీటర్లే వస్తే 15 శాతం జారుతున్నట్టు. మెట్ట దుక్కిలో అంతవరకూ సరే. దమ్ములో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ 40లో 20 మీటర్లే వస్తున్నాయంటే సగం డీజిల్ అడుసులో పోసినట్టే. రోటవేటర్ (వెనక తిరిగే కత్తుల పనిముట్టు) లోతు తగ్గించండి, లేదా ఒక గేరు దించండి. రేస్ పెంచడం మాత్రం వద్దు. జారే చక్రం గట్టి పొరను తోడేస్తుంది, ఆ గుంతలోకే అది దిగుతుంది.

ఇనప చక్రాలు బిగించినా దిగబడుతోంది

ఇక్కడ ముగ్గురు దోషులు. మొదటి అనుమానం నీళ్ల బరువు మీద. ఎండాకాలం దుక్కికి పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపుతాం కదా, ఒక్కో 13.6-28 టైరు ముప్పాతిక వంతు నిండితే దాదాపు 200 లీటర్లు, అంటే రెండు వైపులా కలిపి నాలుగు క్వింటాళ్లు. మెట్టలో అది బలం, అడుసులో అది రాయి. దమ్ముకు ముందు నీళ్లు తీసేయండి, ముందు బంపరుకు తగిలించిన బరువుల సంగతి మాత్రం కింద చెప్తాను. చలి దేశాల్లో ఈ నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. మనకా బాధ లేదు, వాల్వు తీస్తే పోతాయి.

రెండోది, నేల అడుగు చెడిపోవడం. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంట పూడ్చి మళ్లీ వరి వేసిన కయ్యలున్నాయి. అక్కడ పాత గట్టి పొర ఎప్పుడో పోయింది. కర్ర గుచ్చితే దిగుతూనే ఉంటుంది. లేజర్ లెవెలర్‌తో చదును చేసిన కయ్యలో కూడా ఇదే జరుగుతుంది: మట్టి తీసిన వైపు గట్టిగా, మట్టి పోసిన వైపు మెత్తగా. మొదటి ఒకటి రెండు పంటలు పోసిన వైపు తేలిక బండిని, లేదా పవర్ టిల్లర్‌ని దించండి. లేకపోతే ఆ మూలను మనుషులతో చేయించుకోండి. ఆ కూలీ ఖర్చు క్రేన్ ఖర్చు కన్నా తక్కువ.

మూడోది చక్రమే. సగం చక్రం అంటే టైరు తీయకుండా దాని పక్కన బిగించేది. పూర్తి చక్రం అంటే టైరు తీసేసి ఆ స్థానంలో పెట్టేది. గట్టి పొర జానెడు లోపలే ఉంటే సగం చక్రం చాలు. అంతకు మించి లోతున్న, ఎప్పుడూ నీళ్లు నిలిచే కయ్యలకే పూర్తి చక్రం. ఎంచుకునేటప్పుడు అందరూ వెడల్పు చూస్తారు, పట్టీల మధ్య ఖాళీ చూడరు. బంకమట్టికి ఖాళీ ఎక్కువ ఉండాలి, లేకపోతే మట్టి పట్టీల మధ్య కరుచుకుని చక్రం డ్రమ్ములా తయారవుతుంది. ఇసుక కలిసిన గరప నేలకు పట్టీలు కొంచెం దగ్గరగా ఉన్నా వదిలేస్తుంది.

ఇనుము ఎక్కువైతే పట్టు ఎక్కువ అనుకోవడం మన ఒక్కరి పొరపాటు కాదు. మంచు దేశాల్లో స్నోమొబైల్ అనే బండి ఉంటుంది, చక్రాల బదులు రబ్బరు బెల్టు మీద పోతుంది. గడ్డకట్టిన చెరువు మీద జారకుండా ఆ బెల్టుకి మేకులు బిగిస్తారు. అక్కడా మేకులు మరీ ఎక్కువ కొడితే బరువు అన్నిటి మీదా పంచుకుని ఏదీ ఐసులోకి సరిగా దిగదు. పైగా అన్నీ ఒకే వరసలో ఉంటే ముందు మేకు గీసిన గాడిలోనే వెనకది పోతుంది, కొత్తగా పట్టుకునేది ఏమీ ఉండదు. అందుకే వరసలు తప్పించి, చెదిరినట్టు బిగిస్తారు. వాళ్లకు ఐసు, మనకు అడుసు.

ముందు చక్రాలు పైకి లేస్తున్నాయి

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెనక చక్రం అడుసులో ఇరుక్కుపోయి తిరగలేకపోతే ఇంజిన్ బలం పోవడానికి ఇంకో దారి ఉండదు. చక్రం తిరగనప్పుడు బండే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముక్కు లేవడం మొదలైన దగ్గర్నుంచి వెల్లకిలా పడడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. క్లచ్ తొక్కాలని మనకు తట్టేలోపు అయిపోతుంది.

ముందు బంపరు బరువులు దమ్ములో తీయవద్దని చెప్పేది ఇందుకే. వెనక రోటవేటర్ వేలాడుతుంటే ముందు అవి ఉండాలి. రోటవేటర్ ఎత్తి గెనిమ ఎక్కేటప్పుడు ముక్కు లేస్తుంటే వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కండి.

దిగబడ్డ చక్రానికి దుంగ కట్టి బయటికి రావడం మన ఊళ్లలో పాత అలవాటు. దయచేసి మానేయండి. దుంగ నేలకు అడ్డం పడితే చక్రం పూర్తిగా ఆగుతుంది, బండి డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. దిగబడితే ముందు రేస్ ఆపండి. పనిముట్టు విప్పేయండి. చక్రం వెనక అడుసు తోడి, వచ్చిన దారినే రివర్సులో మెల్లగా ప్రయత్నించండి. రాకపోతే ఇంకో బండితో లాగించండి. లాగే బండికి గొలుసు కింద ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబార్‌కే కట్టాలి. పనిముట్టును పైన పట్టుకునే టాప్ లింకుకో, ఇరుసు పైనో కడితే ఆ బండి కూడా లేస్తుంది. తాడు తెగితే ఎగిరి వచ్చే దారిలో ఎవరూ నిలబడకూడదు. చూడ్డానికొచ్చిన పిల్లల్ని ముందు పంపేయండి.

ఒక చక్రమే తిరుగుతోంది, రెండోది కదలడం లేదు

వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్ అందుకే ఉంది. చాలామంది దాన్ని వాడరు, ఇంకొందరు వాడి వదలడం మర్చిపోతారు. చక్రాలు తిరగడం ఆగాక, క్లచ్ తొక్కి లాక్ వేయాలి. తిన్నగా ముందుకు రావాలి. బయటపడగానే వదిలేయాలి. లాక్ మీద మలుపు తిప్పితే లోపల పళ్లు విరుగుతాయి. ఆ బిల్లుతో రెండు జతల ఇనప చక్రాలు వస్తాయి.

గెనిమ మీద, గట్టి నేల మీద బండి ఎగిరెగిరి పడుతోంది

సగం చక్రం టైరు కన్నా పెద్దదిగా చేయించి ఉంటారు. అది టైరు కన్నా కొంచెం చిన్నదిగా ఉండాలి. గట్టి నేల మీద బరువు టైరు మోయాలి, టైరు దిగినప్పుడే ఇనుము నేలను అందుకోవాలి. పెద్దదైతే బరువంతా ఇరుసు చివర పడి బేరింగులు పోతాయి. బోల్టులు మొదటి గంట పని తర్వాత మళ్లీ బిగించుకోండి, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

తారు రోడ్డు మీద ఇనప చక్రాలతో పోవడం నిషేధం, పట్టుకుంటే జరిమానా, కేసు. అది పక్కన పెట్టినా, మన ఊరి రోడ్డును మనమే చీల్చుకుంటున్నాం. ట్రాలీలో వేసుకుని పోయి కయ్య గట్టున బిగించుకోడానికి అరగంట పడుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ లివర్ ఇరుక్కుపోతోంది

ఫోర్ వీల్ బండ్లు ఈ మధ్య దమ్ముకు బాగా వస్తున్నాయి, మంచిదే. కానీ ముందు టైరు వెనక టైరు కన్నా కొంచెం ముందుగా లాగేలా కంపెనీ లెక్క కట్టి ఉంటుంది. ముందు జత మాత్రమే మార్చి వేరే సైజు వేసినా, వెనక కొత్తవి ముందు అరిగినవి ఉన్నా ఆ లెక్క తప్పుతుంది. మెత్తటి నేలలో తెలియదు, గట్టి నేల మీద గేర్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రోడ్డెక్కే ముందు ఫోర్ వీల్ తీసేయండి. లివర్ రాకపోతే కొంచెం రివర్సు పోనిచ్చి లాగితే వస్తుంది.

దమ్ము అయిపోయాక వెనక నుంచి గరగర చప్పుడు

రోజుల తరబడి ఇరుసు దాకా నీళ్లలో ఉన్న బండి ఇది. ఆయిల్ సీలు అరిగి ఉంటే లోపలికి నీళ్లు పోతాయి. డిప్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాల రంగులో, మజ్జిగలా ఉంటే నీళ్లు కలిసినట్టే. అలాగే ఇంకో పంటకు నడిపితే బేరింగులతో పాటు గేర్లు కూడా పోతాయి. ఆయిల్ మొత్తం దించి, సీలు మార్చి, కొత్త ఆయిల్ పోయాలి. ముందు హబ్బుల్లో పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టండి. బండి కడిగేది నాట్లు అయ్యాక కాదు, దమ్ము ఆపిన సాయంత్రమే. ఇరుసుకి చుట్టుకున్న గడ్డి, ప్లాస్టిక్ సంచులు కత్తితో కోసి తీయండి. సీలును ముందు తినేది అవే.