బోటు ఇంజిన్ ఆర్పీఎం, ప్రొపెల్లర్ పిచ్: సమస్యలు - పరిష్కారాలు

లక్నవరం, పాకాల, దిగువ మానేరు లాంటి చోట్ల విహారానికి తిప్పే 40 హెచ్‌పీ స్థాయి ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (వెనక బయటివైపు మోటారు తగిలించిన) బోట్ల కోసం ఇది. బోటు లాగట్లేదనగానే చాలామంది ప్రొపెల్లర్ మీద పడతారు. అంతకుముందు ఒక కొలత తీసుకోవాలి.

ముందు కొలత

రోజూ ఎక్కేంత మందినే ఎక్కించి, లైఫ్ జాకెట్లు వేయించి కూర్చోబెట్టండి. కిల్ స్విచ్ (తాడు ఊడితే ఇంజిన్‌ను ఆపేసే మీట) తాడు డ్రైవరుకు తగిలించండి. ఇంజిన్ వేడెక్కాక వలలు, ఈతగాళ్లు లేని లోతు నీటిలో నేరుగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ముక్కు కొంచెం లేచేలా ట్రిమ్ (మోటారు వాలు) సరిచేసి 10-15 సెకన్లు చూడండి. ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు), జీపీఎస్ వేగం రాసుకోండి. గాలికి ఎదురుగా ఒకసారి, గాలి వాటంలో ఒకసారి తీసి సగటు కట్టండి. ఈ స్థాయి ఇంజిన్లు చాలావాటికి ఫుల్ థ్రాటిల్ హద్దు 5000-6000 ఆర్పీఎం. మీ మాన్యువల్‌లో ఏముందో అదే లెక్క. ఆర్పీఎం చూపే టాకోమీటర్ వెనక, ఇంజిన్‌కు తగ్గట్టు పెట్టాల్సిన పోల్ సెట్టింగ్ తప్పుగా ఉంటే చూపే అంకె అంతా అబద్ధమే. దాన్ని ముందే సరిచూసుకోండి.

ఫుల్ థ్రాటిల్‌లో ఆర్పీఎం అందడం లేదు

బోటు నెమ్మదిగా లేస్తుంది, ఇంజిన్ మూలుగుతుంది, కొన్నిసార్లు టకటకమని నాక్ కొడుతుంది. పిచ్ ఎక్కువైతే జరిగేది ఇదే. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే జారకుండా ముందుకు పోవాల్సిన దూరం, అంగుళాల్లో. హబ్ (ప్రొపెల్లర్ నడిమి భాగం) మీద 11 1/8 × 13 అని ఉంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్. ఎక్కువ గేరులో బండిని గుట్ట ఎక్కించినట్టే ఇది. ఇంజిన్ తిరగలేక బరువు మోస్తుంది, పిస్టన్లు, బేరింగుల మీద ఒత్తిడి పెరుగుతుంది. వేగం తక్కువగా ఉంది కాబట్టి ఇంజిన్ భద్రమే అనుకోవద్దు, అతివేగం కన్నా ఇది చాటుగా చంపుతుంది.

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150-200 ఆర్పీఎం పెరుగుతుంది. 13 పిచ్‌తో 4800 వస్తుంటే 11 పిచ్‌కు దిగండి. 5100-5200 వస్తుంది. నిండా మనుషులతో తిరిగే బోటుకు హద్దులో మధ్య నుంచి పై భాగం మేలు కాబట్టి, 10 కూడా దొరికితే ప్రయత్నించవచ్చు. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే తక్కువ పిచ్ తీసుకోండి.

కానీ హద్దులోని కింది అంకెకు లోటు 600 దాటితే, లేదా అదే ప్రొపెల్లర్‌తో నిరుడు బాగుండి ఇప్పుడు తగ్గితే, పిచ్‌ను అనకండి. థ్రాటిల్ కేబుల్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఒక సిలిండర్ కొట్టడం లేదా, ఫ్యూయల్ ఫిల్టర్‌లో నీరుందా, బోటు అడుగుభాగంలో నీరు చేరిందా, షాఫ్టుకు నాచు చుట్టుకుందా చూడండి. ఇంకొకటి: 45 డిగ్రీల ఎండలో గాలి, 25 డిగ్రీల గాలి కన్నా దాదాపు 6 శాతం పలచన. జనవరిలో తీసిన కొలతతో మే కొలతను పోల్చి ప్రొపెల్లర్ మార్చడం తొందరపాటు.

ఆర్పీఎం హద్దు దాటుతోంది

పిచ్ తక్కువైతే ఇంజిన్ గీత దాటి అరుస్తుంది, రెవ్ లిమిటర్ (ఆర్పీఎం హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు) ఉంటే ఎక్కిళ్లు పెడుతుంది. ఇద్దరే ఎక్కిన రోజున దాటుతుంటే థ్రాటిల్ తగ్గించి నడిపితే చాలు. పూర్తి బరువుతోనూ దాటితే పిచ్ పెంచండి.

అయితే ముందు జారుడు (ప్రొపెల్లర్ నీటిలో జారడం వల్ల పోయే వేగం) లెక్క కట్టండి. ఆర్పీఎంను గేర్ నిష్పత్తితో భాగించి, పిచ్‌తో, ఆపై 0.001524తో గుణిస్తే జారుడు లేని వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 5500 ఆర్పీఎం, 2:1 గేరు, 11 పిచ్‌కు 46. జీపీఎస్ 38 చూపితే జారుడు సుమారు 18 శాతం, ఫర్వాలేదు. జారుడు 30 శాతం దాటితే ప్రొపెల్లర్ నీటిని పట్టడం లేదని అర్థం. పిచ్ మార్చినా తీరదు.

ఇంజిన్ రేజ్ అవుతుంది, బోటు కదలదు

మలుపులోనో, అలల మీదనో వస్తే గాలి లోపలికి లాగుతోందన్నమాట. ప్రొపెల్లర్ పైన ఉన్న పలక బోటు అడుగుకు సమానంగా ఉందా చూసి, ఎత్తుగా ఉంటే మోటారును ఒక రంధ్రం దించండి, ట్రిమ్ లోపలికి తేండి. గుర్రపుడెక్క మీద తిరిగాక వస్తే న్యూట్రల్‌కు తెచ్చి, మెల్లగా రివర్స్ ఇచ్చి చుట్టు విప్పండి. వదలకపోతే ఇంజిన్ ఆపి, మోటారు ఎత్తి చేతితో తీయండి.

నేరుగా వెళ్తున్నప్పుడు కూడా వస్తే రబ్బరు హబ్ జారుతుండొచ్చు. లోపలి స్లీవ్ నుంచి బయటి హబ్ వరకు ఒక సుద్ద గీత గీసి నడిపి రండి. గీత తెగి పక్కకు జరిగి ఉంటే హబ్ పోయినట్టే. తిరిగి ఒడ్డు చేరేంత వరకు సన్న థ్రాటిల్‌తో రండి.

వణుకుతోంది

రెక్క వంగిందో, అంచు తిన్నదో. ఎండాకాలం నీరు తగ్గి మొద్దులు, బండలు తేలినప్పుడు మామూలే. పెద్ద దెబ్బకు ప్రొపెల్లర్ షాఫ్టు వంగిందేమో కూడా చూడాలి. చిన్న గాట్లు ఆకురాయితో నునుపు చేయవచ్చు. పగిలిన రెక్కను మాత్రం నడపొద్దు. ఇలాంటి నీళ్లలో అల్యూమినియం ప్రొపెల్లరే తెలివైన ఎంపిక. తగిలినప్పుడు రెక్క వంగుతుంది, గేర్లకు చేరే దెబ్బ తగ్గుతుంది.

నడిపే ఆర్పీఎం

గరిష్ఠం 6000 అయితే రోజూ నడిపేందుకు 3500-4200 సరిపోతుంది. ముక్కు లేచి తోక కూరుకునే మధ్య వేగంలో ఎక్కువసేపు ఉంచకండి, ఎదురుగా కనిపించదు, పెట్రోల్ తాగుతుంది. గట్టు, మత్తడి, వలల దగ్గర ఐడిల్ వేగమే.

మార్చేటప్పుడు

కిల్ స్విచ్ తాడు తీసేయండి, స్పార్క్ ప్లగ్ తీగలు ఊడదీయండి, పలకకూ రెక్కకూ మధ్య చెక్కముక్క పెట్టి నట్టు విప్పండి. థ్రస్ట్ వాషర్ (ప్రొపెల్లర్ తోపును షాఫ్టుకు అందించే చక్రం) ఏ వైపున ఉందో ఫోటో తీసుకోండి. షాఫ్టు మీద నైలాన్ దారం ఉంటే సీలు కోసుకుపోయిందేమో అనుమానించి గేర్ ఆయిల్ చూడండి. పాలలా తెల్లబడితే నీరు చేరింది. షాఫ్టు గాడులకు మెరైన్ గ్రీజు పూసి, నట్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, కొత్త కాటర్ పిన్ (నట్టు ఊడకుండా వంచే చీలిక పిన్ను) వేయండి. పాతది వంచి విప్పినది కాబట్టి మళ్లీ వాడకూడదు.