చిన్నప్పటి టీవీ జ్ఞాపకాలను ఇంట్లోవాళ్ల గొంతులతో సహా దాచుకోవడం ఎలా

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్లలో పెరిగిన తెలుగువాళ్లకు చిన్నప్పటి టీవీ కార్యక్రమాలు ఒక్క భాషలో గుర్తుండవు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ కాబట్టి, తెర మీద పలికిన మాట ముందు ఇంట్లో హిందీ తెలిసిన ఒకరి చెవిన పడి, వాళ్ల నోట తెలుగై, గుమ్మం దగ్గర నిలబడి చూసే పక్కింటి పిల్లల వెంట ఒడియాగా వీధిలోకి వెళ్లేది. ఇన్నేళ్ల తరువాత అదే కార్యక్రమాన్ని ఫోనులో వెతికి పెట్టుకుంటే ఐదు నిమిషాలకే ఏదో వెలితిగా అనిపించడానికి కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. మనకు కావలసినదానిలో సగమే ఆ వీడియోలో ఉంది. మిగతా సగం, అంటే పక్కన కూర్చుని కథ విప్పి చెప్పిన మనిషి గొంతు, ఏ ప్రసార సంస్థ దగ్గరా దొరకదు. ఈ రెండు సగాలనూ ఏ వరసలో సేకరిస్తే పాడుకాకుండా ఉంటాయో మా ఇంట్లో చేసిన అనుభవంతో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఏదీ వెతకకుండా, ఏదీ చూడకుండా, గుర్తున్నది గుర్తున్నట్టు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఒక్కసారి అసలు వీడియో కంటబడిందంటే మన జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుపోతుంది, ఆ తరువాత ఏది మన గుర్తో, ఏది నిన్న చూసినదో విడదీయలేం. తోడేళ్లు పెంచిన పిల్లాడి బొమ్మల కార్యక్రమం మోగ్లీలోని షేర్ ఖాన్ పులి "ఒరే గుంటడా, ఈరోజు నీ పని పడతాను" అని తెలుగులోనే గర్జించేదని నేను చాలా ఏళ్లు నిజంగా నమ్మాను. హిందీలో ఆ పులికి గొంతు ఇచ్చినది నానా పటేకర్ కాగా, మా ఇంట్లో ఇచ్చినది మా అక్క. ముందే రాసి పెట్టుకున్నాను కాబట్టి ఆ వాక్యం నాకు మిగిలింది. రాసేటప్పుడు కథను పక్కన పెట్టి గదిని రాయండి. టీవీ ఏ గోడకు ఉండేది, దాని మీద ఏ గుడ్డ కప్పేవారు, ఎవరు మంచం మీద, ఎవరు నేల మీద కూర్చునేవారు, ఏంటెన్నా తిప్పడానికి ఎవరు డాబా ఎక్కేవారు, కిటికీ దగ్గర నిలబడి "వచ్చింది, వచ్చింది, అక్కడే ఆపు" అని అరిచేది ఎవరు, కరెంటు పోయినప్పుడు ఆగిన కథను ఎవరు పూర్తి చేసేవారు అన్న ప్రశ్నలకు జవాబులు రాస్తూ పోతే కథ దానంతట అదే వస్తుంది.

తరువాతి పని కాలం కట్టడం. "నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు" అన్న గుర్తు తరచు రెండు మూడేళ్లు అటూ ఇటూ అవుతుంది. తేదీ తెలిసిన సంగతులను గట్టి రాటలుగా పాతుకుని, మన జ్ఞాపకం వాటిలో దేనికి ముందో, దేనికి తరువాతో చూసుకోవాలి. రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31న ముగిసింది. మోగ్లీ హిందీలో వచ్చినది 1993లో. శక్తిమాన్ 1997 సెప్టెంబరులో మొదలై 2005 వరకు నడిచింది. మన ప్రాంతానికే చెందిన రాటలు ఇంకా గట్టివి. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా ఏర్పడింది కాబట్టి, పాత బడి పుస్తకం అట్ట మీద జిల్లా గంజాం అని ఉందా, గజపతి అని ఉందా చూస్తే అది ఏ కాలానిదో చాలావరకు తేలిపోతుంది. 1999 అక్టోబరులో గోపాలపూర్ వైపు తీరం దాటిన తుఫానుకు ఎన్నో డాబాల మీద ఏంటెన్నాలు వంగిపోయాయి, అది కూడా ఒక రాటే. ఇంట్లో బాగా పెద్దవాళ్లుంటే 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు ప్రసారం చేసిన ప్రయోగం గురించి అడగండి. అందులో తెలుగు, ఒడియా రెండూ ఉండేవి, ఉదయం పూట ప్రసారం బడిపిల్లల కోసమే.

ఇప్పుడు వెతకవచ్చు. దూరదర్శన్ పాత కార్యక్రమాల్లో కొన్నిటిని ప్రసార భారతి తన ఆర్కైవ్స్ యూట్యూబ్ చానల్లో ఉంచింది, 2024 నవంబరులో మొదలుపెట్టిన వేవ్స్ యాప్‌లో కూడా కొన్ని ఉన్నాయి. పేరును దేవనాగరి లిపిలో టైపు చేసి వెతికితే ఫలితాలు మెరుగ్గా వస్తాయి. మోగ్లీ విషయంలో అది 1989లో జపానులో తయారైన 52 భాగాల బొమ్మల కార్యక్రమమని తెలిస్తే పని సులువవుతుంది, ఎందుకంటే జపాను పేరుతోనూ అది దొరుకుతుంది. అయితే ఆ ప్రతుల్లో గుల్జార్ రాసి విశాల్ భరద్వాజ్ స్వరపరిచిన హిందీ ప్రారంభ గీతం ఉండదు, మనకు కావలసినది అదే కాబట్టి హిందీ ప్రతి కోసమే పట్టుబట్టండి. మాల్గుడి డేస్ వంటి వాటికి ఇంత శ్రమ ఉండదు. చూసుకోవడం, ఇంట్లోవాళ్లకు చూపించుకోవడం వరకు ఎవరికీ అభ్యంతరం లేదు గాని, మన దేశంలో సినిమాలకు, ఇటువంటి చిత్రాలకు కాపీరైటు 60 ఏళ్లు ఉంటుంది కనుక, దొరికినదాన్ని మన పేరుతో మళ్లీ ఎక్కించడం తగదు.

ఇంట్లోని కేసెట్ల పని ఓపికతో చేయవలసినది. మనది తేమ గాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా మేడ మీది గదిలో అట్టపెట్టె తడిసి, వీడియో కేసెట్లకు చుట్టూ తెల్లగా బూజు పట్టింది. అటువంటి కేసెట్‌ను ఆత్రపడి వీసీఆర్‌లో పెట్టకూడదు, బూజు యంత్రం లోపలి హెడ్‌కు అంటుకుని తరువాత పెట్టే ప్రతి కేసెట్‌కూ పాకుతుంది. గాలి ఆడే చోట, నేరుగా ఎండ తగలకుండా, నిలువుగా పెట్టి ఆరనిచ్చి, శుభ్రం చేయడం తెలిసినవారికి ఇవ్వాలి. బాగున్న కేసెట్‌కు వీపు మీద ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేస్తే దాని మీద పొరపాటున కూడా కొత్తగా రికార్డు కాదు. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు వీసీఆర్ వెనుక ఉన్న పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు పిన్నులు ధ్వనికి కలిపి, మధ్యలో టేపు మీది బొమ్మను ఫైలుగా మార్చే క్యాప్చర్ పరికరం పెడతారు. అందులో మన దేశపు టీవీ ప్రసార పద్ధతి అయిన పాల్ (PAL) ఎంచుకున్నారో లేదో దగ్గరుండి చూసుకోండి. నేను ఒక దుకాణంలో ఇచ్చి వచ్చేస్తే, వాళ్లు వేరే పద్ధతి పెట్టి, పైగా బొమ్మను అడ్డంగా సాగదీసి ఇచ్చారు. మూడు గంటల కేసెట్‌కు మూడు గంటలూ పడుతుందని తెలిసి కూడా కూర్చోకపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. పెళ్లి కేసెట్ల చివర మిగిలిన టేపును తప్పక చూడండి, పిల్లల కార్యక్రమాలను అక్కడే రికార్డు చేసుకునేవారు.

ఆడియో కేసెట్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వీసీఆర్ లేని ఇళ్లలో పిల్లలు టేప్ రికార్డరును టీవీ ముందు పెట్టి పాటలు పట్టుకునేవారు. మా ఇంట్లో అటువంటిది ఒకటి దొరికింది. పైన మా బాబాయి చేతిరాతతో ఏదో సినిమా పేరు ఉంది. పెట్టి చూస్తే మోగ్లీ పాట సన్నగా, దూరంగా వినిపిస్తోంది, దాని మీద మా మామ్మ గొంతు దగ్గరగా, "ఎవుడే ఆ గుంటడు, ఒంటి మీద బట్ట లేకుండా అడివిలో తిరుగుతున్నాడు, తల్లి లేదా ఆడికి?" అని అడుగుతోంది. "తోడేలే వాళ్లమ్మ, మామ్మా, నువ్వుండు" అంటోంది అక్క. గుమ్మం వైపు నుంచి ఎవరో పిల్ల "కొణొ హేలా?" (ఏమైంది?) అని అడిగితే అక్క అదే మాట ఒడియాలో మళ్లీ చెప్పింది. ఇరవై సెకన్లు కూడా లేదు. కేసెట్‌ను శుభ్రం చేసి ఇస్తానన్న మిత్రుడు పాట తేటగా రావాలని ఆ మాటలను తగ్గించబోతే నేను ఆపించాను. మీరు కూడా పేరు చూసి, గరగర విని ఏ కేసెట్టూ పారేయకండి.

అటువంటి కేసెట్ దొరకని ఇళ్లే ఎక్కువ కాబట్టి, కథ చెప్పిన మనిషి ఉన్నప్పుడే మళ్లీ చెప్పించుకోవాలి. "నీకు గుర్తుందా?" అని అడిగితే "ఏమో, ఎప్పటి మాట" అంటారు, అంతటితో ఆగిపోతుంది. నాకు పనికివచ్చిన పద్ధతి వేరు. దొరికిన కార్యక్రమాన్ని పెద్ద టీవీలో పెట్టి, శబ్దం పూర్తిగా తీసేసి, "అక్కా, నాకు హిందీ రాదనుకుని చెప్పు" అన్నాను. రెండు నిమిషాలు నవ్వింది. మూడో నిమిషంలో పులి రాగానే గొంతు దానంతట అదే మారింది. ఫోనును ఆమె ఎదుట పెట్టకుండా పక్కన దిండు మీద ఉంచి, ముందే చెప్పి, అనుమతి తీసుకుని రికార్డు చేశాను. ఫ్యాను ఆపేయండి, దాని హోరులో మాటలు కలిసిపోతాయి.

ఫిల్మ్స్ డివిజన్ 1974లో తీసిన "ఏక్ అనేక్ ఔర్ ఏక్తా" అన్న చిన్న బొమ్మల చిత్రంతో ఈ పద్ధతి ఇంకా బాగా ఫలించింది. అందులో వలలో చిక్కిన పక్షులు అన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతాయి. అది చూసినప్పుడల్లా మామ్మ "ఇది మన చిత్రగ్రీవుడి కథే కదే" అని, తనకు చిన్నప్పుడు చెప్పిన మిత్రలాభం కథ అందుకునేదట. మా ఇంట్లో అందరికీ ఆ చిత్రంలో పావురాల రాజు పేరు చిత్రగ్రీవుడనే గుర్తు, చిత్రంలో ఆ పేరే లేదు. ఆ పాటలో పిల్లలు లెక్కపెట్టే సీతాకోకచిలుకకు హిందీలో ఉన్న తిత్లీ అన్న పేరే మా కేసెట్లను తడిపిన తుఫానుకు పెట్టారని అక్క చెప్పేదాకా నాకు తట్టలేదు.

రికార్డు చేసినదాన్ని కాగితం మీద పెట్టేటప్పుడు యాసను దిద్దకండి. మామ్మ "ఎవుడే" అన్నదాన్ని "ఎవరే" అని, "ఆడికి" అన్నదాన్ని "వాడికి" అని మారిస్తే అది మామ్మ మాట కాకుండా పోతుంది. మధ్యలో వచ్చే ఒడియా ముక్కలను వినిపించినట్టే తెలుగు లిపిలో రాసి, అర్థం పక్కన చేర్చండి. జనం పలికే తెలుగును పుస్తకాల్లోకి తేవాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి, ఈ విషయంలో మనం వెనుకాడనక్కరలేదు.

చివరికి ప్రతి ఫైలుకూ కార్యక్రమం పేరు, చూసిన కాలం, చెప్పినవారి పేరు, వరస, చెప్పిన తేదీ పెట్టి, రెండు వేరు వేరు చోట్ల, వీలైతే రెండు వేరు వేరు ఊళ్లలో దాచండి. మా దగ్గరున్నదానిలో ఒక ప్రతి నా దగ్గర, ఒకటి రాయగడలో అక్క దగ్గర ఉన్నాయి. "కొణొ హేలా" అని అడిగిన పిల్ల ఎవరో కనుక్కుని, ఇప్పుడు బరంపురంలో ఉన్న ఆమెకు మూడో ప్రతి పంపాము. ఆమె తన పిల్లలకు వినిపించడానికి, అక్క ఒడియాలో చెప్పిన ఆ ఒక్క వాక్యం విడిగా కావాలని అడిగింది.