టైరు పని నేర్చుకుందాం – 4వ పాఠం: సీలెంట్ పోయడం, పోసిన తర్వాత చూసుకోవడం

గత పాఠంలో వాల్వు పిన్ను (వాల్వు లోపల గాలిని ఆపే చిన్న ముక్క) విప్పడం, బిగించడం, సబ్బు నీళ్లతో లీకు పట్టుకోవడం నేర్చుకున్నాం. అది ఇంకా చేతికి రాలేదనిపిస్తే మరో రెండుసార్లు చేసి రండి. ఈసారి పనంతా ఆ పిన్ను దగ్గరే ఉంటుంది.

పంక్చర్ సీలెంట్లు, అంటే టైరుకు పడ్డ రంధ్రాన్ని లోపలి నుంచే మూసే ద్రవాలు, రెండు రకాలు. పంక్చర్ పడకముందే టైరులో పోసి ఉంచేది ఒకటి, పడ్డాక దారిలో డబ్బాతో కొట్టేది ఇంకొకటి. మన పాఠం మొదటి రకం గురించి. రెండోదాని గురించి ఒక్క మాట చాలు. అది దగ్గర్లోని రిపేరు షాపు దాకా చేర్చడానికి పనికొస్తుంది, అంతే. కొన్ని డబ్బాల్లో సీలెంటును బయటికి తోసే గ్యాసు మండే రకం. కాబట్టి టైరు విప్పే మనిషికి ఆ సంగతి ముందే చెప్పాలి.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. ముందుగా పోసే సీలెంట్లలో చాలావాటికి ఆధారం గ్లైకాల్ అనే రసాయనం కలిసిన చిక్కటి ద్రవం. అందులో సన్నటి పీచు, రబ్బరు పొడి లాంటివి తేలుతుంటాయి. బండి నడుస్తున్నప్పుడు చక్రం వేగానికి ద్రవం ట్రెడ్ (టైరులో నేలకు తగిలే భాగం) లోపలి వైపు పొరలా పరుచుకుంటుంది. మేకు దిగి ఊడిందనుకోండి, బయటికి తోసుకొచ్చే గాలి ఆ ద్రవాన్ని కూడా రంధ్రంలోకి లాగుతుంది. కాలువ గండికి ముందు కంప అడ్డం వేసి తర్వాత మట్టి పోసినట్టు, మొదట పీచు చిక్కుకుంటుంది, దాని సందుల్లో పొడి నిండుతుంది. ఇదంతా జరగాలంటే గాలి ఒత్తిడి ఉండాలి, చక్రం తిరగాలి. నిలబెట్టిన బండిలో రంధ్రం పైవైపు ఉంటే అక్కడికి చేరేంత ద్రవమే ఉండదు.

ట్రెడ్‌లో పడ్డ చిన్న రంధ్రాలు, అంటే సుమారు 6 మి.మీ. దాకా ఉన్నవి, చాలా సీలెంట్లు మూస్తామని చెప్పుకునే పరిధి. టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్ సంగతి వేరు. అది ప్రతి చుట్టుకీ వంగుతుంది, పొర నిలవదు. కోసుకుపోయిన చోటా అంతే. అరిగిపోయిన టైరులో సీలెంట్ పోసి కాలం గడపాలనుకోవడం మాత్రం పిసినారితనం కూడా కాదు, ప్రమాదం.

ట్యూబు టైరుకు ప్రత్యేకంగా సీలెంట్లు దొరుకుతాయి కానీ నేను వాటిమీద పెద్దగా ఆశ పెట్టుకోను. సాగి ఉన్న పల్చటి ట్యూబులో మేకు కదిలిందంటే రంధ్రం కాస్తా చీలికవుతుంది. ముల్లు గుచ్చుకున్నంత చిన్నదైతే ఆగవచ్చు. ఇకపై చెప్పేదంతా ట్యూబ్‌లెస్ టైరుకే.

ఎంత పోయాలో సీసా మీది పట్టిక చెబుతుంది. 2వ పాఠంలో టైరు మీది అంకెలు చదవడం నేర్చుకున్నాం కదా, 100/90-17 అంటే 100 మి.మీ. వెడల్పు, అందులో 90 శాతం ఎత్తు, 17 అంగుళాల రిమ్ము. ఆ సైజు పట్టికలో వెతకండి. మామూలు బైకులకు ఒక్కో టైరుకు 200 నుంచి 350 మి.లీ. మధ్యలో ఉంటుంది. ఇంకాస్త పోస్తే ఇంకాస్త భద్రం అనుకోకండి. ఎక్కువైన ద్రవం బరువు, ఊగిసలాట తప్ప ఏమీ ఇవ్వదు. టైరులో గాలి ఒత్తిడి కొలిచే సెన్సారు ఉంటే, దానికి పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్నదే తీసుకోవాలి.

బండిని సెంటర్ స్టాండు మీదో, చక్రాన్ని ఎత్తి పట్టే ప్యాడాక్ స్టాండు మీదో పెట్టి చక్రం నేలకు తగలకుండా చూడండి. బరువు మీద ఉండగా గాలంతా తీస్తే టైరు అంచు రిమ్ము నుంచి ఊడవచ్చు. వాల్వు గడియారంలో నాలుగో ఎనిమిదో అంకె ఉండే చోటికి వచ్చేలా చక్రం తిప్పండి. వాల్వు అడుగున ఉంటే పోసిన ద్రవం దాని చుట్టూ మడుగు కడుతుంది. పైన ఉంటే ట్రెడ్ నుంచి కారేది నేరుగా దాని మీద పడుతుంది.

ముందు పిన్ను నొక్కి గాలి పూర్తిగా వదలండి, ఆ తర్వాతే విప్పండి. గాలి ఉండగా విప్పితే పిన్ను ఎగిరిపోతుంది, దాన్ని వెతకడానికే సాయంత్రం సరిపోతుంది. పీచు అడుగున పేరుకుంటుంది కాబట్టి సీసాను బాగా కుదపండి. గొట్టం తగిలించి నెమ్మదిగా నొక్కండి. అడ్డుపడితే బలం పెంచకండి. సీసాను వదిలి లోపలికి గాలి పీల్చుకోనిచ్చి, మళ్లీ కుదిపి నొక్కండి. అయ్యాక పిన్ను లేకుండానే కాస్త గాలి కొట్టి వాల్వు దారి శుభ్రం చేయండి. తర్వాత తుడిచిన పిన్ను బిగించి, బండి కంపెనీ చెప్పిన ఒత్తిడికి గాలి నింపి, వెంటనే నాలుగైదు కిలోమీటర్లు మామూలు వేగంతో నడపండి. పోసిన తేదీ సైడ్ ప్యానెల్ లోపల రాసి పెట్టండి. రబ్బరు పాలతో చేసినవి కొన్ని నెలల్లోనే ఎండుతాయి. గ్లైకాల్ రకాలు ఇంకా ఎక్కువ కాలం ఉంటాయి. గడువు సీసా మీదే ఉంటుంది.

రాత్రంతా నిలిపిన బండిలో ద్రవం కిందికి దిగి ఉంటుంది. పొద్దున కొద్ది దూరం సన్నగా ఊగినట్టు అనిపించి సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఎక్కువ పోశారేమో చూడండి, లేదా అసలు కారణం ఇంకెక్కడో ఉంది.

చాలామంది దారి తప్పేది ఇక్కడ. సీలెంట్ పోసిన టైరులో పంక్చర్ పడితే మీకు తెలియదు. అంటే మేకు లోపలే ఉండిపోయి, టైరు రబ్బరు లోపలి దారాల అల్లికను రోజూ గీకుతూ ఉండవచ్చు, ఆ సందులోంచి తడి దారాలకు చేరుతూ ఉండవచ్చు. అందుకే పోశాక టైరును చూడటం తగ్గించకూడదు, పెంచాలి. వారానికోసారి చక్రం తిప్పుతూ గాడుల్లో మేకు తలో, తడి మచ్చో ఉందేమో చూడండి. గాలి కొలిచేటప్పుడు కూడా వాల్వును పక్కకే తెచ్చి, కాసేపు ఆగి కొలవండి, లేదంటే గేజీలోకి జిగురు పోతుంది.

మేకు కనిపిస్తే రోడ్డు మీద పీకకండి. గాలి నిలుస్తుంటే నెమ్మదిగా షాపు దాకా వెళ్లండి. తీయక తప్పకపోతే, తీసిన వెంటనే రంధ్రం అడుగుకు వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఉంచి, గాలి పట్టి నడపండి. షాపులో మొదటి మాటగా సీలెంట్ ఉందని చెప్పండి. లోపలి రబ్బరు కడిగి ఆరబెట్టకుండా ప్యాచ్ వేస్తే అది అంటదు.

మిగిలిన సీసా పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా పెట్టండి. ఎథిలీన్ గ్లైకాల్ ఉన్నదైతే తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను పాడుచేసే విషం.

ఈ వారం ఇంటిపని. ఇంకా ఏమీ పోయకండి. ఏడు రోజులు పొద్దున్నే, బండి కదపకముందు, రెండు టైర్ల గాలీ కొలిచి రాయండి. చలి పెరిగి ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పడిపోతే ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గడం సహజం. అంతకు మించి రోజూ దిగుతుంటే లీకు ఇప్పటికే ఉంది. సబ్బు నీళ్లతో ముందు వాల్వు రిమ్ములో దిగిన చోటు, తర్వాత రిమ్ము అంచు చూడండి. అక్కడి లీకులకు సీలెంట్ వైద్యం కాదు. ఆ లెక్క చూసుకున్నాకే సీసా మూత తీయండి. 5వ పాఠంలో సీలెంట్ ఉన్న టైరుకు స్ట్రిప్పు (రంధ్రంలో దూర్చే రబ్బరు ముక్క) వేద్దాం.